పాత యుక్కుసైకిలు



సైకిలును గూర్చి ప్రసంగింపఁ బూనుకొన్న నన్నుఁ జూచి మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. ముప్పదియేండ్లు వ్యాకరణమును, పద్యములను బోధించిన వృద్ధునకు ఇనుపచక్రములతో నేమి పని యని మీకుఁ దోఁపవచ్చును. కాని మన గ్రామములలో సైకిలు ఋణము లేనివాఁ డెవ్వఁడు? మనలను బడికిఁ జేర్చినది అది. సంతకు కూరగాయల గంపను, మిల్లునకు వడ్లబస్తాను, ఆసుపత్రికి జ్వరపడిన బిడ్డను మోసినది అది. ఇంత చేసిన సైకిలును గూర్చి మనము కూర్చుండి యోచించిన దినము మాత్రము లేదు.

అయినను నేఁడు నేను ముఖ్యముగాఁ జెప్పఁబూనినది మన బరువుసైకిలును గూర్చి కాదు. దానికి జ్ఞాతియై, ఐరోపాఖండమునఁ బుట్టి పెరిగి, మన యూళ్లకు దాదాపుగా రానేరాని పందెపు సైకిలును గూర్చి. ఉక్కుగొట్టములతో చేతిపనిగా నిర్మింపఁబడిన యా సైకిళ్లు నేఁడు అరుదైపోయినవి. వానిని సంపాదించినవారు ప్రాణపదముగాఁ జూచుకొనుచున్నారు. అరుదగుటకుఁ గారణమేమి? ఆ మమకారమునకు మూలమేమి? ఈ రెండు ప్రశ్నలకును నాకుఁ దెలిసినంతలో సమాధానము చెప్పుదును.

నాకు ఈ ప్రశ్నలు కలిగిన విధము మొదట వినుఁడు. రెండేండ్ల క్రిందట మా యమ్మాయిని జూచుటకై ఇంగ్లాండు దేశమునకుఁ బోయి, ఫిబ్రవరి మొదలుకొని మూఁడు మాసము లుంటిని. బర్మింగ్‌హాం నగరమున నా పూర్వశిష్యుఁ డొకఁడు కాపురమున్నాఁడు. నేను వచ్చితినని విని అతఁడు నన్ను భోజనమునకుఁ బిలిచెను. వాని యింట ముందుగదిలో, మన యిండ్లలో పెద్దల పటములు వ్రేలాడు తావున, గోడకొక సైకిలు తగిలింపఁబడి యుండెను. రంగు అక్కడక్కడ లేచిపోయినది. ఒకచోట సొట్టకూడ నున్నది.

“ఏమి నాయనా, ఇంత నగరమున నీకుఁ గ్రొత్తసైకిలు దొరకలేదా?” యని పరిహాసముగా నడిగితిని.

“మాస్టారూ, క్రొత్తవి కావలసినన్ని దొరకును. ఇది దొరకుటకు నాకు నాలుగేండ్లు పట్టినది. ఒక్కసారి మీరే యెత్తి చూడుఁడు,” అని అతఁడు దానిని దింపి నా చేతి కిచ్చెను.

నేను రెండుచేతులతో పట్టుకొనఁబోయి, ఒక్కచేతితోనే ఎత్తితిని. మన యూరి సైకిలు ఇరువది కిలోలకు దగ్గఱగాఁ దూఁగును. ఇది పదికిలోల ప్రాంతమున నున్నది. రెండును ఉక్కే. రెండును రెండు చక్రములే. మఱి యీ భేద మెట్లు కలిగెను? ఆ దినము మొదలు, అతనిని ప్రశ్నించి తెలిసికొనుటే నాకుఁ బని యయ్యెను. గురువు శిష్యుఁడుగను, శిష్యుఁడు గురువుగను మాఱుట అప్పుడప్పుడు మంచిదే.

ఈ పందెపు సైకిలు రూపమును మీ మనస్సునకుఁ దెచ్చుకొనుఁడు. దీనికి మడ్‌గార్డులు లేవు, క్యారియరు లేదు, స్టాండు లేదు, చైనుపైఁ గప్పు లేదు. హ్యాండిలు పొట్టేలికొమ్ములవలె ముందునకుఁ బోయి క్రిందికి వంగి యుండును. గాలికి ఎదురు తక్కువగునట్లు సవారుఁడు వంగి దానిని పట్టుకొనును. టైర్లు మన బొటనవ్రేలికంటె నెక్కువ లావుండవు. వెనుకచక్రమునకు మనకున్నట్లు ఒక్క పండ్లచక్రము కాక, చిన్నవి పెద్దవి వరుసగా ఐదో ఆఱో యుండును. ముందు పెడళ్లకడ రెండుండును. ఫ్రేము గొట్టముపై నున్న చిన్న మీటను కదల్చినచో చైను ఒక పండ్లచక్రమునుండి మఱియొక దానిపైకి దుమికును. మిట్ట నెక్కునపుడు వెనుక పెద్దచక్రముపై చైను నుంచినచో కాలికి శ్రమ తగ్గును. పల్లమున చిన్నచక్రముపై నుంచినచో వేగము హెచ్చును. మిట్టకు రెండవ జత యెడ్లను గట్టి, దిగిన పిమ్మట విప్పినట్లే యిదియు.

ఇఁక గొట్టము సంగతి. బోలుగా నున్నది బరువు తక్కువయై బలము నిలుపుకొనుననుట మనకు వెదురు నేర్పిన పాఠమే. కాని గొట్టమును మిక్కిలి పలుచన చేసినచో అతుకులకడ విఱుగును. కాడి విఱిగినను, మంచము విఱిగినను, తఱుచుగా తొలికడనే గదా విఱుగునది! అతుకుకడ బలము తాఁకుడెక్కువ. అదియునుగాక అతుకు వేయునపుడు తగిలిన వేఁడిచేత ఉక్కు అచటఁ గొంత బలహీనమగును. అందుచేత గొట్టమంతయు మందముగాఁ జేసిరి. మందముగాఁ జేసినందున బరువు హెచ్చెను. తొలినాళ్ల సైకిళ్ల చిక్కు ఇదియే.

ఈ చిక్కును విడఁదీసినవారిలో ముఖ్యులు బర్మింగ్‌హాం నగరమున మేకులు చేయు వంశమువారు. రేనాల్డ్సు అను నాయన, తోడివాఁ డొకనితోఁ గలసి, 1897లో ఒక పేటెంటు పొందెను. గొట్టము పైకి ఒకే లావుగాఁ గనఁబడును. లోపల మాత్రము రెండు కొనలయందును మందముగను, నడుమ పలుచగను ఉండును. కావలసినచోట బలము, అక్కఱలేనిచోట తేలికదనము! తరువాతి కాలమున కొనలయందు 0.9 మిల్లీమీటరును, నడుమ 0.6 మిల్లీమీటరును మందము గల గొట్టములు సాధారణమయ్యెను. మన చేతిగోరు మందమును తలఁచుకొనుఁడు, ఇంచుమించుగా నంతే. 1935లో ఆ సంస్థవారే మాంగనీసు, మాలిబ్డినము అను లోహములను గలిపిన యుక్కుతో ‘531’ అను గొట్టములను విడుదల చేసిరి. ఆ మూఁడంకెల చిన్న ముద్ర సైకిలుపై నున్నచో నేఁటికిని ప్రియులు ఆగి చూతురు. ఇటలీదేశపు మిలాను నగరమున 1919లో మొదలైన కొలంబస్సు అను గొట్టముల సంస్థకును అట్టి కీర్తియే కలదు.

గొట్టములు కూడుచోట తొడుగులుండును. వానిని లగ్గులందురు. రెండు గొట్టములను ఆ తొడుగులోఁ జొనిపి, ఎఱ్ఱగాఁ గాఁచి, ఇత్తడినో వెండి కలిపిన లోహమునో కరగించి యంచుకడ తాఁకింతురు. ఉక్కు కరగదు. ఇత్తడి మాత్రము కరగి, దీపపువత్తిలోనికి నూనె ప్రాఁకినట్లు, గొట్టమునకును తొడుగునకును నడుమనున్న సన్నని సందులోనికిఁ దానై ప్రాఁకును. వేఁడి తగ్గినచో ఇత్తడి ప్రాఁకదు, హెచ్చినచో ఉక్కు చెడును. ఆ నడిమి వేఁడిని పనివాఁడు రంగునుబట్టి కంటితోనే గుర్తింపవలయును. ఈ మాట విని నేను నా శిష్యునితో, “నాయనా, నేను నీకు సంధులు చెప్పినప్పుడు నీవు నిద్రపోయెడివాఁడవు. ఇప్పుడు సంధికై నాలుగేండ్లు వెదకితివా?” యంటిని. అతఁడు నవ్వి, “మాస్టారూ, ఈ సంధిలో తప్పు వచ్చినచో పండ్లు రాలును,” అనెను.

అతుకు చల్లారిన పిమ్మట పనివాఁడు ఆకురాయితో లగ్గు అంచులను సన్నముగా రాచును. కొందఱు వానిని ఈఁటెమొనలవలె తీర్చిరి. కొందఱు హృదయాకారముగా రంధ్రములు కోసిరి. లండనులోని హెచిన్సు అను శాలవారు 1930 తరువాతి దశకమున వెనుకగొట్టములనే తీఁగెవలె వంపులు తిప్పి చేసిరి. దూరమునుండి చూచినను ఎవ్వరి చేతిపనియో తెలియును. మన ప్రాంతపు కమ్మరి చేసిన కొడవలిని పిడి చూచి గుర్తింపమా? అట్లే.

ఈ సైకిళ్లకు కీర్తి తెచ్చినవి పందెములు. ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు మహాపందెము 1903లో మొదలైనది. చైనును ఒక పండ్లచక్రమునుండి మఱియొకదానికి మార్చు పరికరమును అచట 1937 వఱకును అనుమతింపలేదు. అంతకుముందు, కొండ రాఁగానే సవారుఁడు దిగి, వెనుకచక్రమును ఊడఁదీసి, రెండవవైపునున్న పండ్లచక్రము చైనునకుఁ దగులునట్లు త్రిప్పి బిగించుకొనెడివాఁడు. తరువాత ఇటలీలో, 1933లో విచెంజా నగరమునఁ దన కర్మశాలను స్థాపించిన టుల్లియో కాంపన్యోలో వంటివారు పరికరములను చక్కఁజేసిరి. గోపికలు చూచిన కృష్ణునివలె ఇటలీ ప్రజలు చూచిన ఫౌస్తో కొప్పి 1949లోను, 1952లోను ఆ ఫ్రాన్సు పందెమును గెలిచినది ఉక్కుసైకిలుపైననే. బెల్జియము వీరుఁడు ఎడీ మెర్క్సు 1972 అక్టోబరులో మెక్సికో నగరమున ఒక గంటలో 49 కిలోమీటర్ల 431 మీటర్లు త్రొక్కెను. ఎర్నెస్తో కొల్నాగో అను పనివాఁడు ఆ ప్రయత్నమునకై ప్రత్యేకముగా నిర్మించిన యుక్కుసైకిలు ఆఱుకిలోలైనను తూఁగలేదు.

ఇంత వైభవము గలవి యేల యరుదైనవి? ఇచట నొక భేదమును గమనింపవలయును. ఉక్కుసైకిలు అరుదుకాదు. మన పెరళ్లలోనే యెన్నో కలవు. 1970 తరువాతి దశకమున ఐరోపా, అమెరికా, జపానులలో యంత్రశాలలు వంపుహ్యాండిళ్ల సైకిళ్లనుగూడ లెక్కకు మిక్కిలిగాఁ జేసినవి. అవి నేఁటికిని చౌకగా దొరకును. అరుదైనది వేఱు. మంచి గొట్టములతో, పేరుగల పనివాఁడు చేసి, తొలి రంగుతోను, తొలి భాగములతోను నిలిచియుండి, కొనువాని యొడలి కొలఁతకుఁ దగినది యరుదు. ఈ లక్షణములలో ఒక్కొక్కటి దొరకును. అన్నియు నొక్కచోఁ గూడుట కష్టము.

మొదటి కారణము: అవి చేయఁబడినవే తక్కువ. మంచి పనివాఁడు దర్జీవలె సవారుని కాలు, చేయి, నడుము కొలిచి ఫ్రేము చేసెడివాఁడు. ఇద్దఱు ముగ్గురు తోడివారితో నడచు చిన్నశాల యేఁడాదికి ఎన్నని చేయఁగలదు?

రెండవది: అవి దాఁచుటకుఁ గాక పందెమునకై చేయఁబడినవి. పందెములోఁ బడుట నిత్యము. ముందునుండి బలముగాఁ గొట్టుకొన్నచో పలుచని గొట్టము హ్యాండిలు వెనుక నలుఁగును. గెలుపు గోరువానికి పాతదానిపై జాలియుండదు. క్రొత్తది వచ్చును, పాతది మూలఁబడును.

మూఁడవది త్రుప్పు. ఇది చెదవంటిది. దూలము పైకి చక్కగాఁ గనఁబడుచుండఁగనే లోపల డొల్లయగునట్లు, గొట్టములోఁ జేరిన నీరు లోపలినుండి తినివేయును. శీతదేశములలో మంచుకాలమున వీధులపై ఉప్పు చల్లుదురు. ఉప్పునీరు ఉక్కునకు విషము. మఱియు సీటు నిలుపు కడ్డీ అల్యూమినియముదైనచో, తడి తగిలి రెండు లోహములును ఏండ్ల తరబడి ఒండొంటిని కఱచుకొని, ఊడఁదీయుటకే వీలుకాకపోవును. ఇట్లు పాడైన ఫ్రేములు పెక్కులు.

నాలుగవది మిక్కిలి విచిత్రము. దేశమునకొక కొలఁత! పెడళ్ల యిరుసు బిగించు మరలను ఇంగ్లాండువారు అంగుళముల లెక్కను చేసిరి. వారి పద్ధతిలో కుడివైపు మర యెడమకుఁ ద్రిప్పినచో బిగియును. ఇటలీ, ఫ్రాన్సువారు రెండువైపులను కుడికే త్రిప్పుదురు. వారిలోనైనను పొత్తులేదు: ఇటలీవారిది 36 మిల్లీమీటర్లు, ఫ్రాన్సువారిది 35. చక్రములలో, 27 అంగుళములదని పేరుగల పాతరిమ్ము టైరు కూర్చుండు తావున 630 మిల్లీమీటర్లు, నేఁడు వాడుకలోనున్నది 622. ఎనిమిది మిల్లీమీటర్ల భేదముచేత ఒకదాని టైరు ఇంకొకదానికిఁ బట్టదు. వెనుకచక్రపు తావు మొదట 120, పిదప 126, ఆ పిమ్మట 130 మిల్లీమీటర్లుగా మాఱెను. కాఁబట్టి ఒక్క చిన్నమర పోయినచో సైకిలంతయు మూలఁబడెను. దానిని బ్రదికించుటకు ఇంకొక పాతసైకిలును విప్పవలసివచ్చెను. ఒకటి బ్రదుకుటకు ఒకటి చచ్చుచుండఁగా సంఖ్య తగ్గక యేమగును?

అయిదవది కాలము మాఱుట. జపానుదేశపు షిమానో సంస్థ 1984లో, మీటను ఒక్కమాఱు నొక్కఁగానే చైను సరిగా తనచోటఁ గూర్చుండు ఏర్పాటును వీధిసైకిళ్లకుఁ దెచ్చెను. 1990లో ఆ మీటను బ్రేకు పిడిలోననే కలిపివైచెను. గొట్టముపై మీట గల సైకిలు పాతఁబడిపోయెను. అదేకాలమున అల్యూమినియమును, పిమ్మట బొగ్గునారతో చేసిన కార్బను ఫ్రేమును వచ్చినవి. అవి యెంత తేలికయైనవనఁగా, 2000 సంవత్సరమున అంతర్జాతీయ సైకిలుసంఘము, పందెపుసైకిలు 6.8 కిలోలకుఁ దక్కువ యుండరాదని నియమము చేసినది! క్రమముగా మహాపందెములలో ఉక్కు కనఁబడుట దాదాపుగా మానెను. జపానులో 1948లో పుట్టిన కీరిన్ అను పందెమున మాత్రము, పురుషులు సంప్రదాయము ననుసరించి నేఁటికిని ఉక్కుసైకిలుపైననే పరుగు తీయుదురు.

ఇఁక మమకారము మాట. “ఉక్కుసైకిలు ప్రాణము గలదు, గతుకులను మ్రింగును” అని దాని స్వాములు చెప్పుదురు. నేను వారిమాటను పూర్తిగా నమ్మను. గతుకుల సుఖము మిక్కిలిగా టైరు లావుమీఁదను, దానిలోని గాలిమీఁదను ఆధారపడును. పలుచని యుక్కుగొట్టమునకుఁ గొంత సాగుడు కలదనుట నిజమే, కాని యదియే సర్వము కాదు. వేగమునకైనచో కార్బనుసైకిలే మేలు. ఇది వారును ఒప్పుకొందురు. మఱి ఏల?

మొదటిది, అది బాగుచేయుటకు లొంగును. కొంచెము వంగినచో చల్లగనే వంచి సరిచేయవచ్చును. ఒక గొట్టము పాడైనచో, లగ్గును గాఁచి, ఇత్తడిని కరగించి, ఆ గొట్టము నొక్కదానినే తీసి క్రొత్తది పెట్టవచ్చును. కార్బనును బాగుచేయువారును కలరుగాని, దాని లోపలి గాయము కంటికి అందదు, ప్రత్యేక విద్య కావలయును. ఉక్కు సాధారణముగా విఱుగుటకు ముందు వంగియో పగిలియో హెచ్చరిక చేయును. మన చేతికి, మన కంటికి అందు వస్తువుపై మనకొక చనువు కలుగును. చెడినదానిని బాఱవైచి క్రొత్తది కొనుమని చెప్పు కాలమున, “నన్ను బాగుచేయుము” అను వస్తువు దొరకినచో మనుజుఁడు దానిని విడువఁడు.

రెండవది, చేసినవాని చెయ్యి దానియందుఁ గనఁబడును. ఆకురాయి జాఱిన గీఁత కూడ నుండును. ఆ గీఁత తప్పే. కాని యొక మనుజుఁడు ఒకదినమున దీనిపై వంగి పనిచేసెనని యది సాక్ష్యము చెప్పును.

మూఁడవది, అది మనుష్యులను కలుపును. ఇటలీలో, గయోలె యను చిన్న ఊరిలో, 1997లో జాన్‌కార్లో బ్రోచ్చి యను నతఁడు ‘లెరోయికా’ యను యాత్ర నారంభించెను. అచటి తెల్లని కంకరబాటలపై తారు పోయుచుండఁగా, వానిని కాపాడుటయే యుద్దేశము. పాతబాటకుఁ బాతసైకిలు తోడాయెను. తొలియేఁడు వచ్చినవారు 92 మంది. ఇప్పుడు వేలకొలఁది వత్తురు. అందుఁ బాల్గొను సైకిలు 1987కు ముందుదిగా నుండవలయును. మీటలు ఫ్రేముగొట్టముపై నుండవలయును. బ్రేకుతీఁగెలు హ్యాండిలుపైఁ బయటికిఁ గనఁబడవలయును. అచట గెలుపోటములు లేవు. దుమ్ము త్రాగి, చెమటోడ్చి, గమ్యము చేరుటయే ఫలము. ఒకరి సైకిలుకు మర పోయినచో పదిమంది సంచులు విప్పుదురఁట.

నా శిష్యుని సైకిలునకు వత్తము. దానిని అమ్మినవాఁడు ఎనుబదియేండ్లు దాఁటిన యాంగ్లేయ వృద్ధుఁడు. యౌవనమున దానిపైఁ బందెములు త్రొక్కెనఁట. ఎక్కువ సొమ్ము ఇత్తునని వచ్చినవారిని కాదని, అతఁ డొక ప్రశ్న వేసెనఁట: “దీనిని త్రొక్కుదువా, గోడకుఁ దగిలింతువా?” త్రొక్కుదునని మాట యిచ్చి యితఁడు తెచ్చుకొనెను.

“మఱి గోడకేల తగిలించితివి? మాట తప్పితివిగదా!” యంటిని.

“వీధులలో ఉప్పు చల్లియున్నారు మాస్టారూ. ఉప్పు కొట్టుకొనిపోవు వాన కుఱిసినతోడనే దింపుదును,” అనెను.

అన్నమాట ప్రకారము ఏప్రిలు నెలలో దింపెను. నేను వీధి చివర నిలుచుండి చూచితిని. మిట్ట నెక్కి వచ్చుచు, చేయి జాఁచి మీటను కదల్చెను. చైను టక్కున దుమికెను. నలువదియేండ్లు దాఁటిన మనుజుని మొగమున నాకు ఎనిమిదవతరగతి పిల్లవాఁడు కనఁబడెను. దగ్గఱకు వచ్చి ఆఁగఁగా, “రంగు లేచిపోయినదిగదా, క్రొత్తరంగు వేయింపరాదా?” యని యడిగితిని.

అతఁడు పైగొట్టముపై నొకచోటు చూపెను. “ఇది అఱిగినది ఆ వృద్ధుని మోఁకాలు రాచుకొని, మాస్టారూ. రంగు ఎన్నిమాఱులైనను వేయవచ్చును. తొలిరంగు మాత్రము ఒక్కమాఱే.”

ఆ మాట నాకు బాణమువలె నాటెను. కారణము చెప్పి ముగింతును.

మా తండ్రిగారు 1952లో ఒక ఇంగ్లీషు రాలీసైకిలును గొనిరి. నల్లనిరంగు, బంగారుగీఁతలు, ముందు కొంగతల గల బిళ్ల. ఆయన చుట్టుపట్ల గ్రామములలో పురాణము చెప్పుటకు దానిపై వెళ్లెడివారు. నన్ను ముందుగొట్టముపై తువ్వాలు చుట్టి కూర్చుండఁబెట్టుకొనెడివారు. ఆ తువ్వాలు రాచుకొని అచట రంగు అఱిగి, ఇనుము తెల్లగాఁ గనఁబడెడిది. ఆయన 1988లో స్వర్గస్థులైరి. మూఁడేండ్ల పిమ్మట, తండ్రి వస్తువును గౌరవింపవలయునను బుద్ధితో, నేను దానికిఁ గ్రొత్తరంగు వేయించితిని. గీఁతలు పోయినవి. బిళ్ల ఊడఁదీసినపుడు ఎచటనో పడిపోయినది. అఱిగినచోటు నున్నగాఁ గప్పఁబడినది. సైకిలు నిగనిగలాడుచు ఇంటికి వచ్చినది. అందఱును మెచ్చుకొనిరి. కాని యెంత చూచినను అది మా తండ్రిగారిదివలెఁ దోఁపలేదు. తోఁపనందునఁ ద్రొక్కుటయు మానితిని. త్రొక్కనందున త్రుప్పుపట్టెను. చివరకు పాతయినుము కొనువాఁడు కాటాపైఁ బెట్టి కిలోల లెక్కనుఁ గొనిపోయెను. ఆ దినమున నాకు దుఃఖము రాలేదు. ముప్పదియేండ్లు గడచి, పరదేశపు వీధిలో, ఎవరో యెఱుఁగని వృద్ధుని మోఁకాలు అఱగఁదీసిన రంగును తాఁకినపుడు వచ్చెను.

కాఁబట్టి అయ్యలారా, అరుదుదనమనునది పరదేశపు పందెపుసైకిళ్లకే కాదు. మీ పెరటిచూరు క్రింద పాతసైకి లున్నచో ఈ నాలుగు మాటలు చిత్తగింపుఁడు. దానికి సంతలో గొప్పవెల వచ్చునని నేను చెప్పను. సాధారణముగా రాదు. కాని తొందరపడి రంగు వేయింపకుఁడు. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూయుఁడు. గీఁతలు, ముద్రలు ఉన్నచోట గట్టిగా రుద్దకుఁడు. సీటు కడ్డీని ఏఁటికొకమాఱు ఊడఁదీసి, గ్రీజు పూసి మరల బిగింపుఁడు. గొట్టములోఁ గొంచెము నూనె పోసి అటునిటు త్రిప్పి వంపివేయుఁడు. వానతడి తగులకుండ నేలనుండి ఎత్తి పెట్టుఁడు. సీటు దగ్గఱనో పెడళ్ల యిరుసు క్రిందనో కొట్టియున్న సంఖ్యను, అది యెవరు ఎప్పుడు కొన్నదియు ఒక కాగితముపై వ్రాసి యుంచుఁడు.

అన్నిటికంటె ముఖ్యము, మనుమఁడు త్రొక్కుదునన్నచో గాలి కొట్టించి యిండు. గీఁత పడునని భయపడకుఁడు. వాఁడు వేసిన గీఁతయు రేపటికి దాని చరిత్రలోఁ జేరును. పాతవస్తువు గోడమీఁదఁ గొన్నాళ్లు విశ్రమింపవచ్చును. దాని బ్రదుకు మాత్రము బాటమీఁదనే.